అత్తగారు పడిన చోటు

ఆ ఏడు ఆగస్టుకి మా నాన్న దగ్గర ఒక్కటే సూది మిగిలింది.

బట్టలు కుట్టే సూది కాదు, రికార్డు మీద నడిచే సూది. ఆ రకం సూదులు చేసే కంపెనీ ఎప్పుడో మూతపడింది. మా రేవు పట్నంలోని బసూర్తో మార్కెట్లో రేడియోలు బాగుచేసే ముసలాయన ఒకడు పదేళ్లుగా ఎక్కడెక్కడో వెతికి తెచ్చిపెట్టేవాడు. ఆ నెల ఆయన అగ్గిపెట్టెలో దూది పరిచి, దూది మధ్య సూది పెట్టి ఇచ్చి, "ఎవారిస్తో, ఇదే ఆఖరిది. అదీ కొత్తది కాదు, వాడి తీసేసిందే. మహా అయితే నాలుగైదు గంటలు నడుస్తుంది. తర్వాత నన్నడక్కు, దేవుణ్ణడుగు," అన్నాడట. నాన్న ఆ అగ్గిపెట్టెని చొక్కా జేబులో వేసుకుని, జేబు తడవకుండా గుండె మీద చెయ్యి అదిమిపెట్టుకుని వానలో నడిచి ఇంటికొచ్చాడు. దారిలో జనం గుండెనొప్పేమో అనుకుని రెండుచోట్ల కుర్చీ వేశారు.

నాన్నకి ఒక పికో ఉండేది. మనిషెత్తు స్పీకరు పెట్టెలు రెండు, వాటి మధ్య బల్ల మీద రికార్డులు తిప్పే యంత్రం, పెట్టెల ముందు గుడ్డ మీద బుర్రమీసాల సార్జెంటు బొమ్మ. పికో పేరు కూడా సార్జెంటే. ముప్పై ఏళ్లుగా మా పేటలో పెళ్లైనా, బారసాలైనా, ఏమీ లేని ఉత్త శనివారమైనా సార్జెంటు మోగాల్సిందే. మోగినప్పుడు మూడు వీధుల అవతల కూడా కిటికీ అద్దాలు వణికేవి. అలాంటిది రెండేళ్ల నుంచి పిలుపులు తగ్గిపోయాయి. అవతలి వీధి నాఫెర్ అనే కుర్రాడు 'రాకెట్' అని కొత్త పికో పెట్టాడు. రికార్డుల్లేవు, అన్నీ సీడీలే. సంచిలో రెండొందల పాటలు వేసుకుని మోటారుసైకిల్ మీద దిగేవాడు. మా నాన్న పాటలు మోయడానికి తోపుడుబండి కావాలి.

ఆ నాఫెర్ ఒక ఆదివారం మా గుమ్మంలోకి వచ్చాడు. మా అమ్మ దియోసెలీనా గుమ్మం ముందే మూకుడు పెట్టుకుని గుడ్డు పెట్టిన మొక్కజొన్న అట్లు వేయించి అమ్ముతుంది. వాడు ఒకటి తిన్నాడు, రెండు తిన్నాడు, మూతి తుడుచుకుని అసలు మాటకొచ్చాడు.

"బాబాయ్, ఆ పెట్టెలు నాకిచ్చెయ్యరాదూ? ఆ చెక్క ఇప్పుడెక్కడా దొరకట్లేదు. మీకా, వాయించే పని కూడా తగ్గింది..."

"తినేది మా అట్లు, కన్నేసేది మా పెట్టెల మీదానా?" అంది అమ్మ గరిటె ఎత్తి.

నాన్న కోప్పడలేదు. దానికే నాకు భయం వేసింది. "నవంబరు పదకొండున వీధి పండగ కదా," అన్నాడు నింపాదిగా. "నువ్వు ఆ చివర, నేను ఈ చివర. వీధి నీ పాటకి ఆడితే పెట్టెలు పట్టుకుపో. ఊరికే పట్టుకుపో. నా పాటకి ఆడితే మాత్రం, బతికున్నంత కాలం ఈ గుమ్మంలో అట్లు తప్ప ఇంకోటి అడక్కూడదు."

వీధి వీధంతా విన్నది. మా నాన్న నోరు జారే మనిషి కాదు, జారితే వెనక్కి తీసుకునే మనిషి అంతకంటే కాదు. నాఫెర్ వెళ్లిపోయాక అమ్మ మూకుడు దింపి కూర్చుంది. "ఉన్నది ఒక్క సూది. దాన్ని జేబులో పెట్టుకుని ఊరితో పందెం కాశాడు మహానుభావుడు."

అప్పుడు నాకు ఇరవై మూడు. నా పేరు ఎనెరిస్. ఇంటర్నెట్ సెంటర్లో పని. జనాలకి ఫొటోలు స్కాన్ చేసిపెట్టడం, ఉత్తరాలు కొట్టిపెట్టడం, అడిగిన పాటలు సీడీలోకి ఎక్కించి ఇవ్వడం. అంటే, ఆ రోజుల్లో మా పేటలో కంప్యూటర్ గురించి నాకంటే తెలిసినవాళ్లు లేరని నా నమ్మకం. పొగరు అని అమ్మ అనేది. ఆమె చెప్పిందే నిజం.

"నాన్నా, పాటలన్నీ సీడీలోకి ఎక్కించేద్దాం," అన్నాను.

"సీడీ పాట అంటే చద్దన్నం వెచ్చబెట్టినట్టుంటుంది. నాకొద్దు. ఆ ఒక్కరోజుకి సూది చాలు."

"పదకొండో తారీఖుకి చాలు. పన్నెండో తారీఖు ఏం చేస్తావు?"

జేబులోంచి అగ్గిపెట్టె తీసి చూశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "సరే. మూడు పాటలు. చేసి చూపించు," అన్నాడు.

సెంటర్ ఓనరు మూలన పడేసిన కంప్యూటర్ని ఇంటికి తెచ్చాను. మైకు పెట్టే గులాబీరంగు గుంటలో వైరు గుచ్చి, మూడు పాటలు లాగేశాను. చోటు కలిసొస్తుందని పాటల్ని బాగా కుదించాను. గట్టిగా వినపడాలని అన్నిటి గొంతూ పెంచేశాను. అవి డిస్కులోకి ఎక్కుతున్నంతసేపు అదే కంప్యూటర్లో స్నేహితురాలితో కబుర్లు కూడా చెప్పాను. ముప్పైరెండు రెట్ల వేగం. మూడు నిమిషాల్లో డిస్కు వేడివేడిగా చేతికొచ్చింది. కంప్యూటర్ పక్కనుండే బుల్లి స్పీకర్లలో వింటే తేనె.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి పెరట్లో సార్జెంటుకి తగిలించాను. ఇరుగుపొరుగు కుర్చీలు తెచ్చుకుని మరీ వచ్చారు.

ఏమని చెప్పను! బుల్లి స్పీకర్లలో దాక్కున్న తప్పులన్నీ ఆ పెద్ద పెట్టెల్లోంచి బట్టలు లేకుండా బయటికొచ్చాయి. డోలు మోగినప్పుడల్లా రేకు డబ్బా చింపినట్టు చప్పుడు. గిలక్కాయల శబ్దం ఉంటుందే, అది నీళ్లల్లో మునిగి బుడగలు తీస్తోంది. అన్నిటికీ అడుగున ఎవరో పళ్లు బిగించి మూలుగుతున్నట్టు ఒక హోరు. పైగా పాటకీ పాటకీ మధ్య రెండు సెకన్లు చచ్చినంత నిశ్శబ్దం. పికో వాళ్లకి నిశ్శబ్దం అంటే ఓడిపోయినట్టే లెక్క. రెండు సెకన్లు చాలు, ఆడేవాళ్లు అవతలి పికో దగ్గరికి నడిచి వెళ్లిపోవడానికి.

మా అమ్మ మూకుడులోకి వంగి చూసింది. సార్జెంటు డోలు సరిగ్గా మోగితే కాగిన నూనె మీద ఉంగరాలు ఉంగరాలుగా అలలు లేస్తాయి, ఆమెకి అదే పరీక్ష. "నూనె కదల్లేదు," అంది. "ఈగ వాలినా ఇంతకంటే కదులుతుంది."

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. నాన్న మాత్రం నవ్వలేదు. వచ్చి మీట తిప్పి ఆపేశాడు. "సార్జెంటుకి జలుబు చేసింది. అంతేలే," అని లోపలికెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. నేను బాత్రూమ్‌లో కూర్చుని పావుగంట ఏడ్చాను.

మర్నాటి నుంచి పొగరు మానేసి చదువుకున్నాను. ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్లు ప్రపంచం నిండా ఉన్నారు, వాళ్లంతా ఇంటర్నెట్‌లో ఒకరినొకరు తిట్టుకుంటూ ఉంటారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ తిట్లన్నీ చదివితే నేను చేసిన ప్రతి పనీ తప్పేనని తేలింది. వైరు గులాబీ గుంటలో కాదు, పక్కనున్న నీలం గుంటలో పెట్టాలి. పాటని కుదించకూడదు, ఉన్నదున్నట్టు ఉంచాలి, ఎంత చోటు తిన్నా సరే. లోపలికొచ్చే శబ్దం తెర మీది ఎర్రగీతని ముట్టుకోకూడదు.

ఎర్రగీత సంగతి చెబితే నాన్నకి అనుమానం వచ్చింది. "శబ్దం తగ్గించి తీసుకుంటే బలం ఎలా వస్తుందే?"

జవాబు అమ్మ చెప్పింది. "గిన్నె నిండా అంచుదాకా నీళ్లు పోసి అన్నం వండుతామా? పొంగడానికి చోటు ఉంచద్దూ?"

నాన్న ఆమెవంక చూశాడు, నావంక చూశాడు. "నువ్వెప్పుడు నేర్చుకున్నావే కంప్యూటరు?" అని అమ్మని అడిగాడు. నవ్వాడు. ఆ నెలలో అదే మొదటిసారి.

సెప్టెంబరు, అక్టోబరు అలా గడిచాయి. ముప్పై పాటలు, ఒక్కో రికార్డు ఒక్కసారే. సూది ఆయుష్షు అంతే. మధ్యాహ్నం నేను పని నుంచి రాగానే మొదలుపెట్టేవాళ్లం. ఆ అడుగున హోరు ఎక్కడిదో నాన్నే కనిపెట్టాడు. గోడకి చెవి పెట్టి, నేలకి చెవి పెట్టి, చివరికి ఫ్రిజ్‌ని కౌగిలించుకుని నిలబడ్డాడు. "దొంగ దొరికింది," అన్నాడు. అప్పటినుంచి పాట లాగుతున్నప్పుడు ఫ్రిజ్ బంద్. లోపలి చేపలు పాడవుతాయని అమ్మ అన్నీ వేయించేసి సగం ధరకి అమ్మేసేది. ఆ అక్టోబరంతా మా వీధి చేపలతోనే బతికింది.

ఫ్యాను కూడా బంద్. చెమటలు కారిపోయేవి. మోటారుసైకిళ్లు గుమ్మం ముందు నుంచి పోతే సూది ఎగురుతుంది కాబట్టి అమ్మ ఎర్ర ఏప్రన్ పట్టుకుని మలుపు దగ్గర రైలు గేటులా నిలబడేది. "ఆగండి నాయనా, లోపల ఆపరేషన్ జరుగుతోంది!" అనేది. వాళ్లు ఇంజిన్లు ఆపేసి, బళ్లు తోసుకుంటూ వెళ్లేవాళ్లు. పక్కింటి చిలకకి మాత్రం చెప్పేవాళ్లు ఎవరు? ఏడో పాటలో అది ఒకసారి "దొంగా!" అని అరిచింది. మళ్ళీ లాగడానికి సూది ఒప్పుకోదు. చిలక అలాగే ఉండిపోయింది, తాళం మాత్రం తప్పలేదు.

పాటల పేర్లు అడిగితే నాన్న చెప్పేవాడు: పంటినొప్పి, చేపల బుట్ట, ముసలి గాడిద. అసలు పేర్లు ఎవరికీ తెలియవు. అవతలి పికోవాళ్లు చూసి కొనుక్కోకుండా రికార్డుల మీద చీటీలన్నీ ఏనాడో కత్తితో గీకేశాడు. ఆఫ్రికా నుంచి నావికులు తెచ్చిన పాటలు, ఏ భాషో కూడా మాకు తెలియదు. మా చెవికి ఎలా వినపడితే అదే పేరు.

వాటన్నిటిలోకీ పెద్ద పాట 'అత్తగారు పడింది'. పల్లవి అచ్చం అలాగే వినపడుతుంది. రెండోసారి పల్లవి రాగానే ఆ రికార్డు మీద ఒక గీత ఉంది. సూది అక్కడ తుళ్లి, సెకనున్నర పాట మింగేసి అవతల పడుతుంది. ఇరవై ఏళ్లుగా మా వీధి ఆ తుళ్లుకి కూడా ఆడుతోంది. "అత్తగారు పడింది" అనగానే అందరూ ఒక్కసారి ఎగురుతారు, పడ్డ అత్తగారిని దాటినట్టు. సూది అవతల దిగేసరికి కాళ్లు కూడా దిగుతాయి. అత్తగార్లు కూడా ఎగురుతారు. ఆ ఎగురుడు రాకపోతే మా వీధి పిల్ల కాదు.

మరి నేనేం చేశాను? ముప్పై పాటలూ లాగాక వింటుంటే ఆ ఒక్కచోట తుళ్లు నా కంటికి మరకలా కనిపించింది. మంచి శబ్దం కోసం కదా ఇంత కష్టం! మొదటి పల్లవిలోంచి సెకనున్నర ముక్క కోసుకొచ్చి ఆ కంతలో అతికించాను. అతుకు ఎక్కడుందో దేవుడు కూడా చెప్పలేడు. చిటపటలు కూడా తీసేద్దామని చూశాను గానీ, వాటితోపాటు గిలక్కాయలు కూడా పోతుంటే వదిలేశాను. కంప్యూటర్లో చోటు నిండిపోయిందని తుళ్లు ఉన్న పాత పాటని చెరిపేశాను.

ఆ మధ్యాహ్నమే, సరదాకి ఇంకొక్క రికార్డు అంటూ నాన్న పెట్టాడు. టిక్ మంది. సూది విరిగింది.

ఆయన దాన్ని దూదిలో పెట్టి అగ్గిపెట్టె మూశాడు. "సరేలే. పని అయింది కదా," అన్నాడు. "ఏదీ, అత్తగారిని వినిపించు."

పెరట్లో సార్జెంటుకి తగిలించాను. డోలు మోగింది. అబ్బ, ఏం మోగింది! నిండుగా, మెత్తగా, పొట్టలోకి దిగిపోయేలా. నాన్న పెట్టె మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. అమ్మ మూకుడులోకి చూసి, "లేస్తున్నాయి! అలలు లేస్తున్నాయే!" అని కేక పెట్టి, గరిటె పట్టుకునే ఆడ్డం మొదలుపెట్టింది. నాకు ఏనుగెక్కినట్టుంది.

రెండో పల్లవి వచ్చింది. అమ్మ ఎగిరింది. కాళ్లు నేలకి దిగాయి, పాట దిగలేదు. పాట తన దారిన తాను నున్నగా పోతోంది. అమ్మ తూలి తలుపుని పట్టుకుంది.

"ఏదే?" అంది. "మా అమ్మ ఏదే?"

నాకు అర్థం కాలేదు. నాన్న పాట ఆపాడు. అప్పుడు చెప్పారు, నాకు ఇరవై మూడేళ్లుగా ఎవరూ చెప్పని సంగతి. నా బారసాలనాడు మా అమ్మమ్మ ఆడుతూ ఆడుతూ తూలి బల్ల మీద పడింది. సూది రికార్డు మీద చర్రున జారింది. ఆ గీత అదే. అంటే నాన్నకి నిజంగానే అత్తగారు పడింది. పాటకి ఆ పేరు ముందొచ్చిందా, అమ్మమ్మ ముందు పడిందా అని మా ఇంట్లో ఇప్పటికీ తగాదా. మరుసటేడే అమ్మమ్మ పోయింది. ఆమె ఫొటో ఒక్కటి కూడా లేదు.

"మా అమ్మ గుర్తు అదొక్కటే," అంది అమ్మ. కోపంగా కాదు. ఏదో పోగొట్టుకున్న మనిషి వెతుకుతున్నట్టు అంది. "నువ్వు శుభ్రం చేశావా తల్లీ?"

పాత పాట చెరిపేశానని, సూది విరిగిందని, ఇక ఏమీ చెయ్యలేనని నేను ఒకటే ఏడుపు. ఫ్రిజ్ ఆపి, ఫ్యాను ఆపి, మోటారుసైకిళ్లు ఆపి, రెండు నెలలు చెమటోడ్చి సాధించింది ఇదీ. పది రోజుల్లో పండగ.

నాన్న కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి. "చెరిపింది చేత్తోనే కదా, చేత్తోనే పెడదాం," అన్నాడు. "ఎక్కడ కొయ్యాలో నా చెవికి తెలుసు. కోసే కత్తి నీ దగ్గరుంది. మీ అమ్మ కాళ్లున్నాయి. ఇంకేం కావాలి?"

నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. నేను ముక్క కోస్తాను, నాన్న వింటాడు, అమ్మ ఎగురుతుంది.

"ముందు దిగింది," అంటాడు నాన్న. "వెంట్రుకవాసి వెనక్కి."

"నా మోకాళ్లు అరిగిపోతున్నాయయ్యా!"

"నువ్వు బద్ధకంగా ఎగురుతున్నావు. మీ అమ్మని తలుచుకుని ఎగురు."

"మా అమ్మ ఎగరలేదు, పడింది!"

నవ్వి నవ్వి నాకు కోత తప్పేది. మళ్ళీ మొదలు. నాలుగో రోజు కోశాక అమ్మ ఎగిరింది, దిగింది. అమ్మ అక్కడే నిలబడిపోయి రెండు చేతుల్తో మొహం తుడుచుకుంది. చెమటో, కన్నీళ్లో నేను అడగలేదు. "వచ్చింది," అంది. ఆ పాటని మూడు చోట్ల దాచి పెట్టాను.

డిస్కులు చెయ్యడం ఒక పూజలాగే జరిగింది. రెండు డిస్కులు, పాటకీ పాటకీ మధ్య ఖాళీ లేకుండా ఒక్క దారంలా. నాలుగు రెట్ల వేగం, అంటే ఒక్కోటీ దాదాపు ఇరవై నిమిషాలు. అంతసేపూ కంప్యూటర్ని ఎవరూ ముట్టుకోకూడదు, దగ్గర దగ్గకూడదు. మొదటిసారి పదిహేనో నిమిషంలో అమ్మ మిక్సీ పెట్టింది. కరెంటు ఒక్కసారి రెప్పవాల్చింది, డిస్కు పోయింది. అమ్మ మిక్సీని మంచం కింద దాచేసింది. రెండోసారికి రెండూ బాగా వచ్చాయి.

పదకొండో తారీఖు మధ్యాహ్నం రెండింటికి వీధి నిండిపోయింది. మూడొందల మందైనా ఉంటారు. ఒకళ్ల మీద ఒకళ్లు మొక్కజొన్న పిండి చల్లుకుని అప్పుడే సగం మంది దెయ్యాల్లా ఉన్నారు. ఆ చివర రాకెట్, ఈ చివర సార్జెంటు. అరగంట వాడు, అరగంట మేము.

అబద్ధం చెప్పను, నాఫెర్ బాగా వాయించాడు. జనం అటు మళ్లేవాళ్లు, ఇటు మళ్లేవాళ్లు, సగం సగం. మా శబ్దం విని ముసలివాళ్లు, "ఎవారిస్తో, సూదులు ఎక్కడ దొరికాయయ్యా?" అని అడిగారు. నాన్న గడ్డంతో నన్ను చూపించాడు. నాకు అది చాలు. కానీ సగం సగం అంటే గెలుపు కాదు. అమ్మ అట్టు తర్వాత అట్టు మాడ్చేస్తోంది. ఆమె అట్టు మాడగా నేనెప్పుడూ చూడలేదు.

అయిదింటికి నాఫెర్ మైకులో అరిచాడు. "వినండి వినండి! ఓడలో పనిచేసే మా బావ తెచ్చాడు! సార్జెంటు గారి అత్తగారి పాట! గీతల్లేవు, చిటపటల్లేవు, కొత్త సీడీ, అసలుసిసలు పాట!"

నాన్న మొహంలో రక్తం లేదు. ముప్పై ఏళ్లు దాచుకున్న పాట.

పాట మొదలైంది. అద్దంలా ఉంది, మేం రెండు నెలలు చెమటోడ్చినా రాని శుభ్రం. జనం గోల చేసి అంతా అటే మళ్లారు. మొదటి పల్లవి. అందరూ పాడుతున్నారు. రెండో పల్లవి. "అత్తగారు పడిందీ..." మూడొందల మంది ఒక్కసారి గాల్లోకి ఎగిరారు.

దిగారు. పాట దిగలేదు.

ఒకళ్ల కాలు ఒకళ్లు తొక్కారు. ముందు వరస వెనక వరస మీద పడింది, ఎవరి చేతిలో బీరో ఎవరి నెత్తి మీదో ఒలికింది. ఒక పెద్దావిడ నేల మీద కూలబడి, "ఏరా నాఫెర్! అత్తగారిని ఎక్కడ దాచావురా?" అని అరిచింది. వీధంతా ఒక్కటే నవ్వు. మూడో పల్లవికి ఎవరూ ఆడట్లేదు. అందరూ మెడలు తిప్పి మావైపు చూస్తున్నారు.

నేను సీడీ మీటకి చెయ్యి వేశాను. నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "వాడి పాట అయిపోనీ. అది మర్యాద." ఆ రెండు నిమిషాలంత పొడుగు నిమిషాలు నా జన్మలో లేవు. అయిపోయాక తల ఊపాడు. నొక్కాను.

డోలు, గిలక్కాయలు, మా చిటపటలు. జనం పరుగెత్తుకొచ్చారు. రెండో పల్లవి వచ్చింది, మూడొందల మంది లేచారు. ధన్ మని ఒక్క చప్పుడుతో దిగారు. నేల అదిరింది. పెట్టె ముందు గుడ్డ మీద సార్జెంటు మీసాలు కూడా కదిలాయి. అంత గట్టిగా నేను ఎప్పుడూ అరవలేదు.

జనంలోంచి నాఫెర్ వచ్చాడు, తల నుంచి కాళ్ల దాకా పిండి. రాకెట్ ఆపేసి వచ్చాడు. "బాబాయ్," అన్నాడు రొప్పుతూ, "నా పాటకి నేనే పడ్డాను. పుట్టినప్పట్నుంచీ అక్కడే ఎగురుతున్నా, గుర్తే లేదు నాకు. పెట్టెలు మీవే. అట్టు ఒకటి ఇప్పించండి."

"మాడింది ఉంది, తింటావా?" అంది అమ్మ. వాడు తిన్నాడు.

పాట అయిపోయి తర్వాతి పాట మొదలైంది. నాన్న అలవాటుగా యంత్రం మీదికి వంగి, చెయ్యి గాల్లో ఆపేశాడు.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అని నన్నడిగాడు.

"ఏమీ లేదు నాన్నా. ఇంకా తొమ్మిది పాటలున్నాయి. వాటంతట అవే వస్తాయి."

"తిప్పక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"ముప్పావుగంటా?"

"ముప్పావుగంటా."

ఆయన తన చేతులు చూసుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ప్రతి అయిదు నిమిషాలకీ రికార్డు మార్చిన చేతులు. ఊళ్లో ప్రతి పెళ్లిలో అందరినీ ఆడించి, ఏ ఒక్క పాటకీ బల్ల వెనక నుంచి కదలని మనిషి మా నాన్న. ఆ సంగతి నాకూ అప్పుడే తట్టింది. బల్ల చుట్టూ తిరిగి ఇవతలికొచ్చాడు, మెల్లగా, నీళ్లలో దిగేవాడిలా. అమ్మ దగ్గరికెళ్లి, పొయ్యి ఆర్పి, చెయ్యి చాపాడు.

అమ్మ ఆ చెయ్యి వంక చూసింది. "ఏంటిది?"

"ఆడదాం రా, సెలీనా."

"నీకు ఆట వచ్చా?" అని అడిగింది అమ్మ, నిజంగానే. పెళ్లై ఇరవై ఆరేళ్లయింది, ఆమెకీ తెలియదు. ఏప్రన్ విప్పి నా మీదికి విసిరేసింది.

జనం చోటిచ్చారు. ఎవరో "అత్తగారు! అత్తగారు!" అని కేకలు పెట్టారు. నేను ఆ పాటని మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. నాన్నకి ఆట రాదని తేలడానికి అర నిమిషం పట్టలేదు. అమ్మ ఆయన భుజాలు పట్టుకుని బస్తాని తిప్పినట్టు తిప్పుతోంది, ఇద్దరూ నవ్వుతున్నారు. పల్లవి వచ్చింది. వీధంతా ఎగిరింది, ధన్ మని దిగింది.

తర్వాత ఒక్కడు దిగాడు. మా నాన్న. అమ్మ కాలి మీద.

"ఓరి దేవుడా!" అమ్మ ఒంటికాలి మీద గెంతుతూ నవ్వుతోంది. "ముప్పై ఏళ్లు వాయించావు, ఎక్కడ దిగాలో తెలీదటయ్యా?"

"వాయించాను గానీ," అన్నాడు నాన్న, మొహమంతా పిండి, పిండి మీద చెమట, "నేనెప్పుడైనా ఎగిరానా?"

అమ్మ నవ్వు ఆగిపోయింది. ఆయన మొహం మీద పిండి అరచేత్తో తుడిచింది. అలా తుడుస్తూనే నావైపు తిరిగి, "ఎనెరిస్, మళ్ళీ వెయ్యవే," అంది. "ఈయనకి వచ్చేదాకా వెయ్యి."

ఆ సాయంత్రం పదకొండుసార్లు వేశాను.